తీగ మీద చదువు

ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఆరు నిమిషాలు.
కింద క్విరిలా నది, మాంగనీసు కడిగిన నల్లనీళ్లతో.
గడియ వేసి, గంట కొట్టి,
నా ఇనప డబ్బాలో స్టూలు మీద కూర్చుని
పుస్తకం తెరుస్తాను.
తీగ లాక్కుపోతుంది, దాని పని అది.
అందుకే నాకు పుస్తకాల పొడవు పేజీల్లో తెలీదు,
దాట్లలో తెలుసు.

ఈ చలికాలం మొదట పట్టింది ఒక నవల.
ద్రాక్షతోటల కుటుంబం, నాలుగు తరాలు, నూట తొంభై దాట్లు.
అందరూ అట్టహాసంగా చస్తారు,
ఒక్కడికీ పంటినొప్పి రాదు.
అన్ని విందులయ్యాక గిన్నెలు ఎవరు తోమారో
చివరిదాకా చెప్పలేదు.
భాష బాగుంది, ఒప్పుకుంటాను.
నేతిలో వేయించిన వాక్యాలు.
రెండు తింటే చాలు, మూడోదానికి వెగటు.

తర్వాత, నిద్ర గురించి ఒక డాక్టరు రాసింది.
రోజూ ఎనిమిది గంటలు పడుకోవాలట.
మహానుభావుడు!
నాలుగింటి షిఫ్టువాళ్లని అవతలికి చేర్చేది
ఆయన పెళ్లామా?
చదువుతూ రెండుసార్లు కునికాను,
ఆ లెక్కన మంచి పుస్తకమే.

లైబ్రరీ గులికోకి నా మీద కోపం,
అంచుల్లో పెన్సిలుతో రాస్తానని.
"అబద్ధం."
"ఈవిడకి చెంపదెబ్బ ఒకటి తక్కువైంది."
"ఇక్కడ ఏడ్చాను, ఎవరితో అనకండి."
రబ్బరు పెట్టి అన్నీ చెరిపేస్తుంది.
చెరిపేముందు చదువుతుందని నాకు తెలుసు.
ఒకచోట నా "అబద్ధం" కింద
చీమతలంత అక్షరాల్లో "కాదు" అని ఉంది.

ఎక్కడో మంచుదేశం నుంచి అనువాదమై వచ్చిన పల్చటిది ఇంకొకటి.
ఇద్దరు అక్కచెల్లెళ్లు, ఒక కుట్టుమిషను, పంపకం.
ఏమీ జరగదు.
ముప్పై ఒక్క దాట్లలో అయిపోయింది.
ముప్పై రెండో దాటంతా ఊరికే కూర్చున్నాను,
ఎదుటి గట్టున గంట కొట్టడం కూడా మర్చిపోయి.
దాని మీద అభిప్రాయం అడక్కండి.
గడువు దాటి తొమ్మిది రోజులు, ఇంకా నా సంచిలోనే ఉంది.

ఇక లావుపాటిది, మా గనుల చరిత్ర, ఫోటోలతో సహా.
రాసినాయనది రాజధాని.
"భయమెరుగని మనుషులు" అని మూడుచోట్ల రాశాడు.
మూడుచోట్లా కింద గీత గీశాను,
నాన్న గుర్తొచ్చి.

మంగళవారం కరెంటు పోయింది.
నది మీద నడిమధ్యన ఆగాం,
నేనూ, ముసలి డ్రిల్లరు వాఝా, ఒక బస్తా బంగాళాదుంపలూ.
"ఏదో ఒకటి చదువు, సియూరీ, చలి మర్చిపోతాం."
చదివాను.
టన్నుల లెక్కలకి తలూపాడు.
సొరంగం లోతు తప్పన్నాడు, పదకొండు మీటర్లు తక్కువ రాశారట.
"భయమెరుగని" దగ్గర చెయ్యెత్తి ఆపాడు.
"ఎవరూ?"
"మీరే."
బోసినోటితో నవ్వాడు.
"రోజూ దిగేముందు మీ నాన్న వాంతి చేసుకునేవాడు.
బకెట్ నేను పట్టుకునేవాణ్ణి.
మూతి తుడుచుకుని, అప్పుడు ఒక జోకు చెప్పేవాడు.
మంచి జోకులు కావులే."

గాలికి డబ్బా కిర్రుమంది.
నాన్న పోయి ఇరవై ఆరేళ్లు.
ఇన్నేళ్లకి ఆయన గురించి ఒక కొత్త వాక్యం.

వాఝా జేబులోంచి వాల్‌నట్లు తీసి
తలుపు సందులో పెట్టి పగలగొట్టాడు.
"ఇంకోటి చదువు, లెక్కలు లేనిది."
పల్చటిది తీశాను.
చెల్లెలు మిషను మీద గుడ్డ కప్పే చోటికి వచ్చేసరికి
డబ్బా ఒక్క కుదుపుతో కదిలింది.
"పాడు కరెంటు," అన్నాడు,
"ఇంకో పావుగంట ఆగితే ఏం పోయేది!"

ఆ రాత్రి చరిత్ర పుస్తకం తెరిచి
నేను గీసిన గీత పక్కన రాశాను:
"బకెట్ పట్టుకున్నది వాఝా."
ఈసారి పెన్నుతో.
గులికో, నీ రబ్బరు దీని జోలికి రాలేదు.
కావాలంటే కింద "కాదు" అని రాసుకో, చూస్తాను.

పల్చటి నవల రేపు కూడా ఇవ్వను.
మిషను ఎవరికి దక్కిందో
వాఝాకి ఇంకా తెలీదు.